రక్తం ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకో

అమ్మలూ,

ఆశీస్సులు. సికిల్ సెల్ రోగి కోసం నువ్వు రాసి పంపిన కేర్ ప్లాన్, అంటే నర్సు చేయాల్సిన పనుల పత్రం, చదివాను. గడులన్నీ శ్రద్ధగా నింపావు. కానీ నర్సింగ్ డయాగ్నసిస్ (నర్సు గుర్తించే సమస్య) దగ్గర "కణజాలానికి రక్తప్రసరణ తగ్గింది, కారణం సికిల్ సెల్ వ్యాధి" అని రాసి వదిలేశావు. అది డాక్టరు పెట్టిన జబ్బు పేరు. ఆ జబ్బు రక్తాన్ని ఎక్కడ, ఎలా అడ్డుకుంటోందో నువ్వు చెప్పాలి. అది తేలకుండా రాసే పనులన్నీ పుస్తకంలోంచి దించినవే అవుతాయి.

టిష్యూ పర్ఫ్యూజన్, అంటే కణజాలానికి రక్తం అందడం, నాలుగు చోట్ల దెబ్బతింటుంది. గుండె నెట్టలేకపోవచ్చు. విరేచనాల వల్లో, కాన్పయ్యాక రక్తం పోవడం వల్లో నాళాల్లో రక్తమే చాలకపోవచ్చు. నాళం పూడిపోవచ్చు, లేదా ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీసే సెప్సిస్‌లో మాదిరి మరీ వదులైపోవచ్చు. ఇవేవీ కాకపోతే రక్తంలోనే లోపం ఉండొచ్చు. ఏ కేసు వచ్చినా ఈ నాలుగింట్లో ఏదో ముందు మార్జిన్‌లో రాసుకో.

నీ కేసు నాలుగోది. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల వార్డుల్లో ఇది నీకు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈ జబ్బులో ఎర్రకణాల్లో ఉండే లోపమున్న హిమోగ్లోబిన్ పేరు హిమోగ్లోబిన్-ఎస్. ఆక్సిజన్ వదిలేశాక దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా పేరుకుంటాయి. ఎర్రకణం కొడవలిలా వంగి బిరుసెక్కి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. దాని అవతలి కణజాలానికి ఆక్సిజన్ అందదు. నీ రోగి ఎముకల నొప్పి అదే. ఇప్పుడు నీ పనులకు కారణాలు రాయి. ద్రవాలు ఎందుకు? కణంలో నీరు తగ్గితే హిమోగ్లోబిన్-ఎస్ చిక్కబడి పోగులు త్వరగా కడతాయి. దుప్పటి ఎందుకు? చలికి నాళాలు ముడుచుకుంటాయి, కణాలు అక్కడే ఎక్కువసేపు ఆగిపోతాయి. నొప్పికి ఐస్ పెట్టకూడదన్న మాట ఇక్కడి నుంచే వస్తుంది. ద్రవాలు మంచివని మితిమీరి ఎక్కించినా ఊపిరితిత్తులకు ప్రమాదమే, అందుకే ఒంట్లోకి వెళ్ళిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు తప్పనిసరి. జ్వరంతో పాటు ఛాతీ నొప్పి, దగ్గు, ఆయాసం మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పాలని ప్లాన్‌లోనే ఉండాలి.

ఫాల్సిపారం మలేరియాలోనూ చిక్కు చిన్న నాళాల్లోనే. పరాన్నజీవి చేరిన ఎర్రకణాలు నాళాల గోడకు అతుక్కుపోతాయి. మెదడులో అదే జరిగితే స్పృహ తగ్గుతుంది. అక్కడ జీసీఎస్ (స్పృహను కొలిచే స్కోరు), రక్తంలో చక్కెర రెండూ చూడాలి.

"ఎస్‌పీఓ2 98, ప్రసరణ బాగుంది" అని రాశావు. ఎస్‌పీఓ2 కొలిచే, వేలికి తగిలించే ఆక్సీమీటరు చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ మోస్తోందని మాత్రమే. హిమోగ్లోబిన్ 15 గ్రాములున్న మనిషిలో 98 శాతం దగ్గర 100 మి.లీ. రక్తానికి సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. హిమోగ్లోబిన్ 6 గ్రాములున్న మనిషిలో అదే 98 దగ్గర ఉండేది 8 మి.లీ. మాత్రమే. ఆ రక్తం కణం దాకా చేరిందో లేదో ఆ అంకె అసలే చెప్పదు.

బీపీలోనూ పై అంకె ఒక్కటే చూసి మోసపోకు. కింది అంకెకు, రెండింటి తేడాలో మూడోవంతు కలిపితే సగటు ధమనీ పీడనం వస్తుంది. 90/60 అంటే 70. 96/46 అంటే 63కి కూడా చేరదు. షాక్‌లో, అంటే రక్తప్రసరణ కుప్పకూలినప్పుడు, సాధారణంగా 65కు తగ్గకుండా చూస్తారు, కాబట్టి పై అంకె ఎక్కువున్న రెండో మనిషి గురించే ముందు చెప్పాలి. మూత్రం ఒంటి బరువు కిలోకి గంటకు 0.5 మి.లీ. తగ్గకూడదు. 48 కిలోల మనిషికి గంటకు 24 మి.లీ. కాథెటర్ (మూత్రం గొట్టం) ఉంటే గంటగంటకూ కొలిచి రాయి, షిఫ్టు చివర ఒక్కసారి కాదు.

కేపిలరీ రీఫిల్, అంటే నొక్కిన చోటికి రక్తం తిరిగి చేరడం, చూడాలంటే చేతిని గుండె ఎత్తున పెట్టి, గోటిని 5 సెకన్లు నొక్కి వదులు. పెద్దవాళ్ళలో రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే అనుమానించు. చలికి వేళ్ళు చల్లబడి ఉంటే ముందు వెచ్చబడనివ్వు. మన వైపు ఆడవాళ్ళకు గోళ్ళకు గోరింటాకు, పాదాలకు అల్తా (పారాణి) ఉంటాయి. అప్పుడు రొమ్ము ఎముక మీద నొక్కి చూడు. నల్లని ఒంటి మీద పాలిపోవడం అంత తేలిగ్గా కనబడదు, కంటి కింది రెప్ప లోపల, నాలుక, అరచేయి చూడు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది నీ ప్లాన్‌లోని "కాళ్ళ కింద దిండు పెట్టాలి" అన్న వాక్యం. సికిల్ కేసుకు దానితో పనే లేదు, పాత ప్లాన్‌లోంచి వచ్చినట్టుంది. "నడిస్తే పిక్క పట్టేస్తోంది, నిలబడితే సర్దుకుంటోంది" అని, పాదం చల్లగా ఉండి నాడి సరిగా అందకపోతే అది ధమని జబ్బు. ఆ కాలు ఎత్తిపెడితే అంతంతమాత్రంగా దిగే రక్తం కూడా దిగదు. "సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి వాస్తున్నాయి" అని, పాదం వెచ్చగా ఉంటే సిర జబ్బు. దానికి ఎత్తిపెట్టడమే మంచిది. ఒకే డయాగ్నసిస్, పనులు మాత్రం తలకిందులు.

లక్ష్యం దగ్గర "ప్రసరణ మెరుగుపడును" చాలదు. "8 గంటల్లో నొప్పి 10కి 8 నుంచి 4కు తగ్గాలి, మూత్రం గంటకు 24 మి.లీ.కు తగ్గకూడదు, వేళ్ళు వెచ్చగా ఉండాలి" అని రాయి. తిరగరాశాక ఆ దిండు వాక్యం కొట్టేసి నాకు మళ్ళీ పంపు, ఆదివారం చూస్తాను.

మీ పిన్ని,
బరంపురం