కిసుములో దుకాణం తెరిచే ముందు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కెన్యాలో, కిసుములో నీకు ఇనుప సామాను దుకాణం కుదిరిందని అక్క చెప్పింది. చాలా సంతోషం. అక్కడి విక్టోరియా సరస్సు గాలికి నీకు మన గోదావరి గట్టు గుర్తుకొస్తుంది. వ్యాపారం నీకు నేర్పనక్కర్లేదు గానీ బీమా సంగతి చెప్పి తీరాలి. నా దుకాణం పోయింది ఆ ఊళ్లోనే.

2007 డిసెంబర్ 27న అధ్యక్ష ఎన్నికల పోలింగ్ జరిగింది. 30వ తేదీ సాయంత్రం అప్పటి అధ్యక్షుడు కిబాకీయే గెలిచారని ప్రకటించారు. ఆయన ప్రత్యర్థి ఒడింగాకు కంచుకోట లాంటి కిసుము ఆ రాత్రే భగ్గుమంది. నేను దుకాణం దగ్గరికి వెళ్లగలిగేసరికి నాలుగు రోజులు పట్టింది. రేకుల మేకులు పూత కరిగి ముద్దలు కట్టి ఉన్నాయి. సరుకు రిజిస్టరు అట్ట వేలు తగలగానే బూడిదై రాలింది. బీమా ఉందిలే అన్న ధైర్యంతో ఆ రోజు నేను ఏడవలేదు.

తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, పరిహారం రాదని. అగ్ని బీమాకు అల్లర్లు, సమ్మెల రక్షణ కూడా చేర్పించుకున్నాను కదా అని పాలసీ తీసి చూశాను. మినహాయింపుల పేజీలో, చిన్న అక్షరాల్లో, అల్లరి ప్రజా తిరుగుబాటు స్థాయికి చేరితే వర్తించదని ఉంది. ఆ వాక్యాన్ని నేను అంతకుముందు ఒక్కసారి కూడా చదవలేదు. గుంపు సరుకు ఎత్తుకుపోతే అల్లరట, ఎన్నికల ఫలితం మీద కోపంతో తగలబెడితే తిరుగుబాటట.

అందుకే ముందు రాజకీయ హింస పాలసీ విడిగా తీసుకో. అక్కడ దాన్ని పొలిటికల్ వయొలెన్స్ కవర్ అంటారు. అల్లర్లు, తిరుగుబాటు, సైనిక కుట్ర, ఉగ్రవాదం, ఆ గందరగోళంలో జరిగే దోపిడీ, వీటిలో ఏవి ఉన్నాయో ఒక్కొక్కటిగా అడిగి రాతపూర్వకంగా తీసుకో. ఏజెంటు నోటి మాట నమ్మవద్దు.

ఎప్పుడు తీసుకోవాలన్నది అంతకంటే ముఖ్యం. 2010 రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లకోసారి ఆగస్టు రెండో మంగళవారం ఎన్నికలు. ఈసారి అది 2027 ఆగస్టు 10. ఆ క్యాలెండరు బీమా కంపెనీల దగ్గరా ఉంటుంది. తేదీ దగ్గరపడేకొద్దీ ప్రీమియం పెంచుతారు, కొత్త పాలసీ ఇవ్వడానికి వెనకాడతారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా ఇప్పుడే తీసుకో. ముగింపు తేదీ జూలైలో పడకుండా చూసుకో. ఎన్నికలు లేని ఏడాదిలోనూ నిశ్చింత లేదు. 2024 జూన్ 25న పన్నుల బిల్లు మీద కోపంతో జనం నైరోబీలో పార్లమెంటులోకే చొరబడ్డారు.

బీమా మొత్తాన్ని ఏటా సవరించు. 2007 చివర్లో డాలరు సుమారు 63 షిల్లింగులు ఉండేది, 2024 జనవరిలో 160 దాకా పోయింది. నీ సరుకులో దిగుమతి అయినదే ఎక్కువ. కోటి షిల్లింగుల సరుకును 50 లక్షలకే బీమా చేసి, 20 లక్షల నష్టం వస్తే, చేతికి వచ్చేది 10 లక్షలే. ఇది మోసమేమీ కాదు, పాలసీలోనే ఉన్న సగటు షరతు.

కంపెనీ ఎలాంటిదో కూడా చూడు. యునైటెడ్ ఇన్సూరెన్స్ 2005లో, బ్లూ షీల్డ్ 2011లో చట్టబద్ధ పర్యవేక్షణ కిందికి, అంటే చెల్లింపులు చేయలేక బయటి మేనేజరు చేతికి, వెళ్లాయి. మటాటు మినీబస్సుల బీమా ఎక్కువగా చేసినవి అవి. ప్రీమియం చవకగా ఉందని పరుగెత్తవద్దు. బీమా నియంత్రణ సంస్థ ఏటా ప్రకటించే లైసెన్సుల జాబితాలో పేరు ఉందో లేదో చూసుకో, రసీదు బ్రోకరుది కాకుండా కంపెనీదే తీసుకో.

లెక్కలు దుకాణంలోనే ఉంచవద్దు. నా రిజిస్టరు సరుకుతో పాటే కాలిపోయింది, ఎంత పోయిందో నిరూపించడానికి నా చేతిలో కాగితం లేదు. ప్రతి శనివారం సరుకు లెక్క, అరల ఫొటోలు నాకు మెయిల్ చెయ్యి. సంతకం పెట్టేముందు పాలసీ మొత్తం పంపు, మినహాయింపుల పేజీ నేనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య