జిమ్‌కి వెళ్తుంటే బరువు పెరుగుతోందేంటి?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. ఐదు వారాల నుంచి రోజూ పొద్దున్నే గంట వాకింగ్, వారానికి మూడ్రోజులు జిమ్. తీరా చూస్తే 71 కిలోలదాన్ని కాస్తా 72న్నర అయ్యా. మా ఆయనైతే డబ్బులు కట్టి మరీ లావయ్యావని ఒకటే నవ్వు. మానేయనా?
- ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అయ్యో, మానకండి. అలవాటు లేని బరువులెత్తితే కండరాలు కాస్త దెబ్బతిని వాస్తాయి, అక్కడ నీరు చేరుతుంది, పైగా వ్యాయామం మొదలెట్టాక కండరాలు శక్తి కోసం గ్లైకోజెన్ అనే ఒక రకం పిండిపదార్థాన్ని ఎక్కువ దాచుకుంటాయి, అది గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుంటుంది, అంటే మీకు పెరిగిన దాంట్లో చాలావరకు నీరే అయ్యుండొచ్చు. అదంతా కండే అని ట్రైనర్ చెప్తే మాత్రం నవ్వి ఊరుకోండి, ఐదు వారాల్లో అంత కండ రావడం కష్టం.

ఇంకోటి, కోప్పడకుండా వినండి. గంట నడిస్తే మీ బరువుకి ఓ 250 కేలరీలు ఖర్చవుతాయేమో, వచ్చేటప్పుడు దారిలో ఒక నెయ్యి దోసె, పంచదార టీ లాగించారనుకోండి, లెక్క సరి! నడిచాం కదా అని మనకి మనమే ఇచ్చుకునే బహుమతి అది, నేనూ ఇచ్చుకున్నదాన్నే.

రోజూ బరువు చూసే మిషన్ ఎక్కొద్దు. వారానికోసారి, పొద్దున్నే పరగడుపున చూస్కోండి, పీరియడ్స్ ముందు అసలొద్దు. టేపుతో నడుము కొలిచి రాసిపెట్టుకోండి. బాగా నీరసం, మొహం ఉబ్బడం, పీరియడ్స్ తేడా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించి థైరాయిడ్ టెస్ట్ చేయించుకోండి.