జీతం మీద ఉంటూ అద్దెకిచ్చే ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తున్నానండి, పొద్దున పోతే రాత్రికే ఇంటికొస్తా. కొంచెం సేవింగ్స్ ఉన్నాయి, లోన్ కూడా ఇస్తామన్నారు. చిన్న ఫ్లాట్ ఒకటి కొని అద్దెకిస్తే ఈఎంఐ ఆ అద్దెలోంచే వెళ్లిపోతుందని మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. నిజంగా అలా అవుతుందా? ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా చూసుకోగలనా?

జవాబు: మీ ఆఫీసాయన చెప్పినట్టు అయ్యే చోట్లూ ఉన్నాయండి, కానీ లోన్ ఎక్కువ తీసుకుంటే మొదట్లో చాలామందికి అలా అవ్వదు, ఒకసారి లెక్క వేస్తే మీకే తెలిసిపోతుంది. ఫ్లాట్ ధర 10,000 అనుకుందాం, లెక్క కోసమే. 2,000 మీరు పెట్టి 8,000 లోన్ తీసుకున్నారు, వడ్డీ 9 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ దాదాపు 72 పడుతుంది, మొదటి నెల కట్టే 72లో 60 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 12 మాత్రమే. ఇప్పుడు అద్దె చూడండి. ఏడాదికి ధరలో 4 శాతం అనుకుంటే 400, ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు దిగేలోపు ఒక నెల పోయిందనుకోండి 367 వస్తుంది, రిపేర్లు, ఇన్సూరెన్సు, ఇంటి పన్ను అన్నిటికీ కలిపి ధరలో 1 శాతం పక్కన పెడితే 267, అంటే నెలకి 22. మిగతా 50 మీ జీతంలోంచే వెళ్లాలి. పోనీ అద్దె 8 శాతం వస్తుందనుకున్నా ఇదే లెక్కలో నెలకి 53 దగ్గర ఆగుతుంది, ఇంకా 19 తక్కువే. వడ్డీ మారే లోన్ అయితే 9 కాస్తా 10 అయ్యిందంటే 72 కాస్తా 77 అవుతుంది. అద్దె మీద ఇన్‌కమ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు నేనింకా కలపనే లేదు.

అలాగని వద్దనట్లేదు. అసలు తీరుతూ ఉంటుంది, అద్దె మామూలుగా ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది, ఆ తేడా మెల్లగా తగ్గుతుంది. కానీ అప్పటిదాకా ఆ ఇంటిని మోసేది మీ జీతమే, అద్దె కాదు. అందుకని నన్ను అడిగిన ప్రతివాళ్లకీ ఒకటే చెప్తా, కొనకముందే ఆ 50ని ఆరు నెలలు వేరే అకౌంట్‌లో వేసి చూడండి, ఏ నెలా ఎగ్గొట్టకుండా. ఇబ్బంది లేకుండా గడిచిందా, మీరు రెడీ అన్నట్టే, పైగా అప్పటికి 300 పోగవుతుంది, అంటే నాలుగు నెలల ఈఎంఐ చేతిలో ఉన్నట్టు. మూడో నెలకే తీసి వాడేశారా, ఇంకొంచెం ఆగండి, ధర చిన్నది చూసుకోండి.

ఇక టైమ్ సంగతి. నా మొదటి ఇల్లు ఆఫీసు నుంచి రెండు గంటల దూరం, ధర తక్కువని తీసుకున్నా. ఒకరోజు మీటింగ్‌లో ఉండగా అద్దెకున్నావిడ వీడియో పంపింది, సింక్ కింద పైపు జాయింట్ దగ్గర నీళ్లు చుక్క చుక్కగా పడుతున్నాయి, కింద బకెట్ పెట్టింది, అది సగం నిండింది. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఆవిడకి తెలీదు, ఫోన్‌లో చెప్దామంటే నాకూ గుర్తు లేదు! సగం రోజు సెలవు పెట్టి వెళ్తే పోయింది చిన్న రబ్బరు వాషర్. నిజంగా ఏడుపొచ్చింది ఆ రోజు. అప్పట్నుంచి ఇల్లు అప్పగించే రోజే వాల్వ్ ఫోటో, కరెంటు మెయిన్ ఫోటో, ఇద్దరు ప్లంబర్ల నంబర్లు అద్దెకొచ్చేవాళ్లకి పంపిస్తున్నా, ఇంత ఖర్చు దాకా నన్ను అడక్కుండా చేయించుకోండి, అద్దెలో తగ్గించుకోండి అని కూడా చెప్పేశా. పగటి ఫోన్లు చాలా తగ్గాయి. మీకు అంత కూడా వీల్లేదంటే చూసుకునే మనిషిని పెట్టుకోవచ్చు, కానీ అద్దెలో పదో వంతు దాకా అడిగేవాళ్లున్నారు, ఆ ఖర్చు పైన లెక్కలో కలిపాకే నిర్ణయం తీసుకోండి. మొదటి ఇల్లు మాత్రం దగ్గర్లో చూసుకోండి ప్లీజ్.

ప్రశ్న: అద్దెకొచ్చేవాళ్లు మంచివాళ్లో కాదో ముందే ఎలా తెలుస్తుంది?

జవాబు: పూర్తిగా తెలీదండి. కానీ ఇప్పుడుంటున్న ఇంటి ఓనర్‌కి కాదు, అంతకుముందు ఇంటి ఓనర్‌కి ఫోన్ చేయండి. ఇప్పటి ఓనర్ వాళ్లు త్వరగా పోతే చాలని బాగా చెప్పేయొచ్చు, పాతాయనకి ఆ అవసరం లేదు. "మళ్లీ వాళ్లకే ఇస్తారా" అని అడగండి, జవాబు చెప్పేముందు ఆగాడంటే కొంచెం ఆలోచించండి. అగ్రిమెంట్ రాతలోనే ఉండాలి, తెలిసినవాళ్లయినా సరే. తాళం ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి ప్రతి గదికీ ఫోటోలు, మీటర్ రీడింగ్ ఫోటో తీసుకుంటే డిపాజిట్ దగ్గర గొడవ రాదు, వచ్చినా అక్కడితో ఆగిపోతుంది.

ప్రశ్న: ఇల్లు కొనేంత డబ్బు లేదు, రీట్స్ అంటున్నారు, అవేంటి?

జవాబు: అద్దెలొచ్చే బిల్డింగుల్లో చిన్న వాటా షేర్ లాగా కొనుక్కోవడం. అమెరికాలో 1960లో చట్టం తెచ్చారు, తర్వాత చాలా దేశాలు తీసుకున్నాయి, అమెరికాలో అయితే ట్యాక్స్ కట్టాల్సిన ఆదాయంలో కనీసం 90 శాతం వాటాదారులకి పంచాలి. సింక్ కింద బకెట్లు ఉండవు, స్టాక్ మార్కెట్‌లో లిస్టయినదైతే మార్కెట్ ఉన్న రోజు అమ్ముకోవచ్చు. కానీ షేర్ కాబట్టి ధర పడితే పడుతుంది, ఆ డబ్బు ఏడాదిలో కావాల్సినదైతే అందులో పెట్టకండి.