అభిమానుల ఊహలు అధికారిక కథలోకి ఎలా చేరతాయి?

నిర్మాతలు అభిమానుల ఊహాగానాలను చదివి, నచ్చినవాటిని కథలో కలుపుకుంటారా అన్నది మీ ప్రశ్న. ఒక అంతరిక్ష నౌక సిబ్బంది కథగా మొదలైన అమెరికన్ సీరియల్ స్టార్ ట్రెక్‌ను చిన్నప్పటి నుంచి చూస్తూ, దాని నవలలను కూడా వెతుక్కుని చదివినవాడిగా నేను గమనించినంతలో అలా జరగడం అరుదు. అసలు కథ ఖాళీగా వదిలేసిన చోటును ఎవరో పూరిస్తారు, అది ఏళ్ల తరబడి అభిమానుల నోళ్లలో నానుతుంది, ఆ తర్వాతెప్పుడో సినిమా తీసేవారు దాన్ని వాడుకుంటారు.

ఆ నౌకలో పనిచేసే అధికారిణి ఉహూరా పేరునే తీసుకోండి. 1966లో మొదలైన సీరియల్‌లో ఆమెకు ఆ ఒక్క పేరే ఉండేది. అభిమానుల పత్రికలకు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న విలియం రాట్స్‌లర్, 1982 నాటి ఒక అనుబంధ పుస్తకంలో ఆమె మొదటి పేరు న్యోటా అని రాశారు. తెర మీద కనిపించినదే ప్రమాణమన్నది ఆ ఫ్రాంచైజీ పాటించే పద్ధతి కాబట్టి, అచ్చయినంత మాత్రాన అది అధికారికం కాలేదు. అయినా అభిమానులు ఆ పేరును ఖాయం చేసేసుకున్నారు. 2009 నాటి స్టార్ ట్రెక్ సినిమాలో కథానాయకుడు కిర్క్ ఆమె చేత పేరు చెప్పించాలని మొదటి నుంచీ ప్రయత్నిస్తూనే ఉంటాడు, ఆమె చెప్పదు. చివరికి తోటి అధికారి స్పాక్ ఆమెను న్యోటా అని పిలవడం కిర్క్ చెవిన పడుతుంది. హైదరాబాద్‌లో మేము చూసిన ఆటలో అక్కడ గట్టిగా నవ్వింది నేనూ, నా స్నేహితుడూ మాత్రమే; పక్క సీటాయన మా వంక వింతగా చూశారు. అదే నౌకలోని మరో అధికారి సులూ మొదటి పేరు హికారు కూడా అంతే, 1981లో వాండా మెకింటైర్ నవలలో పుట్టి, 1991 సినిమాలో తెర మీద వినిపించింది.

ఇక నిర్మాతలు అభిమానుల ఊహలను నేరుగా తీసుకోకపోవడానికి, తమ ఆలోచనను కాజేశారని ఎవరైనా కేసు వేస్తారేమోనన్న చట్టపరమైన భయమే పెద్ద కారణం. మరో అంతరిక్ష కథల సీరియల్ బాబిలాన్ 5 సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఇంటర్నెట్‌లో అభిమానులతో తరచుగా మాట్లాడేవారు. తాను రాయదలచుకున్న కథకు దగ్గరగా ఉన్న ఆలోచనను అక్కడ ఒకరు ప్రస్తావించడంతో ఆయన తన సొంత కథనే పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ అభిమాని తనకు అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాతే, 1995లో ఆ ఎపిసోడ్ ప్రసారమైంది. కాబట్టి మీ ఊహను ఉత్తరంగా రాసి నిర్మాతలకు పంపితే, వారు దాన్ని చదవకుండానే పక్కన పెట్టే అవకాశమే ఎక్కువ.

అభిమానే లోపలికి వెళ్లడం మరో దారి. స్టార్ ట్రెక్ తర్వాతి సీరియళ్లలో ఒకటైన నెక్స్ట్ జనరేషన్ బయటివారి స్క్రిప్టులను కూడా స్వీకరించేది. రోనాల్డ్ మూర్ అనే అభిమాని అలా ఇచ్చిన స్క్రిప్టు 1989లో ఎపిసోడ్‌గా వచ్చింది, ఆ వెంటనే ఆయన రచయితల బృందంలో చేరారు. స్టార్ ట్రెక్‌లోని గ్రహాంతర జాతి క్లింగన్ల ఆచారాలు, రాజకీయాల గురించి ఈనాడు మనం అధికారికంగా భావించే వాటిలో చాలా భాగం ఆయన రాసిన ఎపిసోడ్లలోదే.