వాడిన టార్క్ కన్వర్టర్ కొని గేర్‌బాక్స్ పోయింది, డబ్బు వస్తుందా? ఈసారి కొత్తదే కొనాలా?

ప్రశ్న: నా ఆటోమేటిక్ కారుకి ఇంజిన్ పని చేయించాక, పర్ఫార్మెన్స్ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఒకటి ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. "2800 స్టాల్, తెరిపించి క్లీన్ చేయించి బాలెన్స్ చేయించా, బిగించుకోవడమే" అని చాట్‌లో రాశాడు. బిగించిన ఆరు వారాలకే గేర్లు స్లిప్ అవడం మొదలైంది, గేర్‌బాక్స్ కింది ఆయిల్ పాన్ విప్పితే లోహపు పొడి. స్టాల్ (బ్రేక్ తొక్కిపెట్టి పూర్తి యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ ఆగే ఆర్‌పీఎమ్) కూడా 2300 దగ్గరే ఆగుతోంది, అంటే అదీ అబద్ధమే కదా. ఆయన దగ్గర ఇంకా చాలా పార్టులు అమ్మకానికి ఉన్నాయి, అయినా నా ఒక్కడి డబ్బు ఇవ్వడానికి మనసు రావట్లేదు, చూద్దాం చూద్దాం అని చివరికి బ్లాక్ చేశాడు. కొని ఇరవై నెలలైంది. ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. మెకానిక్ కన్వర్టర్ కోసి చూద్దాం అంటున్నాడు, ఫ్రెండేమో మొదటి ఓనర్ దగ్గర ఒరిజినల్ బిల్లు తీసుకుని కంపెనీ వారంటీలో పెట్టేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు? ఈసారి మళ్ళీ వాడినదే తీసుకోవాలా, కొత్తదా? చాట్ స్క్రీన్‌షాట్ ఒకటి పంపుతున్నాను. డబ్బు సగం బ్యాంక్‌లో పంపాను, సగం చేతికిచ్చాను. ఫోన్ మార్చాను, పాతది ఇంట్లోనే ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో ఆయన ఎంత మోసగాడో మీరు ఎంత బాధపడ్డారో చాలా రాశారు, కేసుకి అదేమీ అక్కర్లేదు. మీ కేసంతా నిలబడినా కూలినా ఒక్క వాక్యం మీదే, "తెరిపించి క్లీన్ చేయించి బాలెన్స్ చేయించా" అని ఆయన రాసిన వాక్యం. సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930 సెక్షన్ 15 ప్రకారం ఒక వస్తువుని ఫలానా రకం అని వర్ణించి అమ్మితే అది ఆ వర్ణనకి సరిపోవాలి. అమ్మినవాడు వ్యాపారి అయినా కాకపోయినా, వస్తువు పాతదైనా కొత్తదైనా ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఆయన ఆ మాట రాయకుండా "వాడినది, ఉన్నది ఉన్నట్టు" అని మాత్రమే రాసుంటే నేను మిమ్మల్ని ఈ గొడవ వదిలేయమనేవాణ్ణి.

ఆ మాటకి ఎందుకంత విలువంటే, టార్క్ కన్వర్టర్ వెల్డ్ చేసి మూసేసిన డబ్బా. లోపల ఇంపెల్లర్, టర్బైన్, స్టేటర్, దాని వన్‌వే క్లచ్, బేరింగులు, లాకప్ ఉన్నవాటిలో దాని క్లచ్, ఇవేవీ బయటికి కనపడవు. పాత గేర్‌బాక్స్ చెడిపోయినప్పుడు వచ్చిన లోహపు పొడి అందులో చేరితే ఆయిల్ వంపేసి కడిగినంత మాత్రాన మొత్తం పోదు, కోసి శుభ్రం చేసి మళ్ళీ వెల్డ్ చేసి లీక్ టెస్టూ బాలెన్సూ చేయాల్సిందే. అందుకే ఆ పని చేయించానన్న ఆయన మాట నమ్మే మీరు డబ్బు కట్టారు. కొనేముందు చూసుకోవాల్సింది కదా అని అవతలి లాయరు అంటాడు, కానీ మూసి ఉన్నదాన్ని ఎంత తిప్పి చూసినా లోపం దొరకదు అని మనం చెప్పగలం.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి, ఇది మాత్రం కోపంగానే చెప్తున్నాను. ఇంత ముఖ్యమైన చాట్‌కి మీ దగ్గరున్నది ఒక స్క్రీన్‌షాట్, అందులో నంబర్ లేదు తేదీ లేదు, పైన కింద కత్తిరించి పంపారు. ఫోన్ మార్చాను, పాతది ఇంట్లోనే ఉంది అని చివర్లో ఒక ముక్క రాశారు, నాకు మీ ఉత్తరం మొత్తంలో ప్రాణం లేచొచ్చిన చోటు అదే. ఆ ఫోన్‌ని రీసెట్ చేయకండి, అమ్మకండి, పిల్లలకి ఇవ్వకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం మీరు సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది. కన్స్యూమర్ కమిషన్‌లో సాక్ష్యం రూల్స్ అంత కఠినంగా పట్టించుకోరు నిజమే, అయినా సివిల్ కోర్టుకి వెళ్ళాల్సొస్తే అది లేకుండా ఆ చాట్ కాపీని రుజువుగా పెట్టడం చాలా కష్టం. డబ్బు పంపిన బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడా తీసుకోండి. మీరు సగం చేతికిచ్చాను అన్నారు, ఆ సగం గురించి చాట్‌లో ఒక్క మాటైనా ఉందేమో వెతకండి, లేకపోతే దాన్ని రుజువు చేయడం కష్టం.

స్టాల్ 2300 దగ్గరే ఆగుతోంది అన్న ఫిర్యాదు తీసేయండి. స్టాల్ స్పీడ్ అనేది కన్వర్టర్ మీద అచ్చుకొట్టిన అంకె కాదు, ఇంజిన్ ఇచ్చే టార్క్‌ని బట్టి మారుతుంది, అదే కన్వర్టర్ బలమైన ఇంజిన్ వెనక ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర, తక్కువ టార్క్ ఉన్న ఇంజిన్ వెనక తక్కువ దగ్గర ఆగుతుంది. ఆయన ఇంజిన్ మీద 2800 నిజమే అయ్యుండొచ్చు. మీరు ఆ పాయింట్ పట్టుకుంటే అవతలి పక్షం నిపుణుణ్ణి పెట్టి దాన్ని కొట్టేయిస్తుంది, దాంతోపాటు మీ గట్టి పాయింట్ మీద కూడా నమ్మకం పోతుంది.

ఆయన అసలు వాదన ఇంకోటి ఉంటుంది, పొడి నా కన్వర్టర్‌లోది కాదు, నీ పాత గేర్‌బాక్స్‌దీ దాని ఆయిల్ కూలర్‌దీ అని. లేదా నీ మెకానిక్ సరిగ్గా కూర్చోపెట్టకుండా బోల్టులు బిగించి గేర్‌బాక్స్‌లోని ఆయిల్ పంప్ పగలగొట్టాడు అని. కన్వర్టర్ గేర్‌బాక్స్ వైపున్న ఇన్‌పుట్ షాఫ్ట్, స్టేటర్ సపోర్ట్, పంప్ మూడింటిలోకీ పూర్తిగా దిగకుండా బిగిస్తే ముందు పంప్ దెబ్బతింటుంది, ఇది మెకానిక్‌లందరికీ తెలిసిందే కాబట్టి ఈ వాదన తప్పకుండా వస్తుంది. బిగించేముందు కూలర్ ఫ్లష్ చేశారా, చేస్తే బిల్లుందా? మీరు దాని గురించి ఏమీ రాయలేదు. మెకానిక్ చేత ఇప్పుడే అఫిడవిట్ రాయించండి, ఏ తేదీన బిగించాడు, కూలర్ ఏం చేశాడు, విప్పినప్పుడు పంప్ ఎలా ఉంది అని. పాన్, ఫిల్టర్, మిగిలిన ఆయిల్ ఏదుంటే అది సీసాలో పోసి సీల్ చేసి తేదీ రాసి పెట్టండి.

కన్వర్టర్‌ని మాత్రం ఇప్పుడు కోయొద్దు. మీరొక్కరే ఉండి కోస్తే లోపల ఏం దొరికినా నువ్వే వేశావంటారు. ముందు ఆయనకి లీగల్ నోటీసు పంపించండి, స్పీడ్ పోస్టులో, అలాగే ఆయన మెయిల్‌కి కూడా. అందులో రెండు అడగండి. ఒకటి, తెరిపించి క్లీన్ చేయించిన వర్క్‌షాప్ పేరు, బిల్లు చూపించు. రెండు, ఫలానా తేదీన ఫలానా వర్క్‌షాప్‌లో దీన్ని తెరుస్తున్నాం, మనిషిని పంపుకో. రాకపోతే మీ మెకానిక్‌కి సంబంధం లేని వర్క్‌షాప్‌లో మొదటినుంచి చివరిదాకా వీడియో తీస్తూ తెరిపించి రాతపూర్వక రిపోర్ట్ తీసుకోండి. కమిషన్‌లో కేసు వేశాక అయితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 కింద కమిషనే సీల్ చేసి ల్యాబ్‌కి పంపొచ్చు, ఆ ఖర్చు ముందు మీరే డిపాజిట్ చేయాలి. అవతలివాడు గట్టివాడైతే నాకు ఈ రెండో దారే ఇష్టం. వెల్డ్ లైన్ చూసి తెరవలేదని చెప్పేస్తా అనే మెకానిక్‌లు ఉంటారు, పర్ఫార్మెన్స్ కన్వర్టర్లు చాలావరకు తయారీలోనే పాతవాటిని కోసి మళ్ళీ వెల్డ్ చేసినవి కాబట్టి ఒక్క వెల్డ్ మీదే ఆధారపడకండి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా. దాని జోలికి పోకండి. మొదటి ఓనర్ బిల్లు పెట్టి నేనే కొన్నానని వారంటీ అడగడం భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం దాకా వెళ్తుంది, బిల్లులో పేరో తేదీయో మారిస్తే 336 కింద ఫోర్జరీ, అది నకిలీదని తెలిసీ వాడితే 340. సీరియల్ నంబర్ ఎవరికి అమ్మారో తయారీదారు దగ్గర చాలాసార్లు రాసి ఉంటుంది. జైలు భయం పక్కనపెట్టినా, ఆ క్లెయిమ్‌లో మీరు "కంపెనీ దగ్గర కొత్తది కొన్నాను" అని రాస్తారు, ఇక్కడ కేసులో "ఇతని దగ్గర వాడినది కొన్నాను" అంటారు. ఆ మెయిల్ ఒక్కటి ఆయన లాయరు చేతికి దొరికితే మీ నిజమైన కేసు కూడా అబద్ధమైపోతుంది. ఇప్పటికే అలాంటి మెయిల్ ఏదైనా పంపారా? పంపుంటే మీ లాయరుకి మొదట చెప్పాల్సింది అదే.

ఇక టైమ్. కన్స్యూమర్ కమిషన్‌లో వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళు. లోపం బయటపడ్డ రోజునుంచి లెక్కపెట్టాలని వాదించొచ్చు కానీ ఆ వాదన మీద ఆధారపడొద్దు, కొన్న తేదీనుంచే లెక్కేసుకోండి, మీకు నాలుగు నెలలుంది. నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. ఫోన్‌లో చూద్దాం అన్నాడు కాబట్టి ఆగుతుందా, అదీ లేదు. కమిషన్‌కి వెళ్ళాలంటే ఆయన ట్రేడర్ అయుండాలి, సొంత కారులోంచి తీసి ఒక్కసారి అమ్ముకున్నవాడి మీద అక్కడ కేసు నిలవదు. అందుకే మీరు బాధలో యథాలాపంగా రాసిన "ఇంకా చాలా పార్టులు అమ్మకానికి ఉన్నాయి" అన్న మాట చాలా పనికొస్తుంది. ఆ పేజీలన్నీ తేదీతో లింక్‌తో సహా ఈ రోజే సేవ్ చేయండి, నోటీసు అందగానే అవి మాయమవుతాయి. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా. ట్రేడర్ అని తేల్చలేకపోతే సివిల్ సూట్, దానికి ఒప్పందం తప్పిన రోజునుంచి మూడేళ్ళు. ఒక సంగతి ముందే తెలుసుకోండి, బిగించి వాడేశాక వస్తువు వెనక్కిచ్చి మొత్తం డబ్బు అడగడం సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ సెక్షన్ 13, 42 వల్ల చాలా కష్టం, సెక్షన్ 59 కింద నష్టపరిహారం అడగాలి. గేర్‌బాక్స్ రిపేర్ బిల్లులు అందులోకే వస్తాయి కాబట్టి బిల్లు లేకుండా రిపేర్ చేయించకండి.

కొత్తదా వాడినదా అంటే, కొత్తది తీసుకోండి, మీ పేరు మీద బిల్లుతో. చాలా తయారీదారుల వారంటీ మొదటి కొనుగోలుదారుకే, చేతులు మారితే పోతుంది, అంటే వాడినది కొన్న రోజే మీరు తయారీదారుని అడిగే హక్కు వదులుకుంటున్నారు. వాడినదే కావాలంటే రీబిల్డ్ చేసే వర్క్‌షాప్ దగ్గర, ఏమేం మార్చారో రాసిన బిల్లూ రాతలో వారంటీ ఉంటేనే.

కొత్తదైనా ఆర్డర్ ఎలా ఇస్తారన్నది చూసుకోండి. సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ సెక్షన్ 16 ప్రకారం, మీ అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటేనే ఆ అవసరానికి పనికిరావాలన్న బాధ్యత ఆయన మీద పడుతుంది, బ్రాండ్ పేరు మోడల్ నంబర్ మీరే చెప్పి ఇది పంపండి అంటే ఆ రక్షణ పోతుంది. కాబట్టి ఇంజిన్ టార్క్, క్యామ్, బండి బరువు, టైర్ సైజ్, ఫైనల్ డ్రైవ్ రేషియో, రోజూ తిరిగేదా లేదా అన్నీ మెయిల్‌లో రాసి, దీనికి ఏది సరిపోతుందో మీరే చెప్పండి అని అడగండి. మీ బండి రేస్‌లో దించితే అదీ దాచకుండా రాయండి, రేస్ వాడకానికి వారంటీ లేదని చాలా కార్డుల్లో ఉంటుంది. స్టాల్ మరీ ఎక్కువ పెట్టించుకుంటే స్లిప్ ఎక్కువై ఆయిల్ వేడెక్కుతుంది, కూలర్ పెద్దది కావాలేమో అదీ ఆ మెయిల్‌లోనే అడగండి, జవాబు మీ ఫైల్లో ఉంటుంది.

బిగించేటప్పుడు కూలర్ ఫ్లష్ చేయించి లేదా మార్పించి బిల్లు తీసుకోండి, బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు కవరు) బిగించాక కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ (ఇంజిన్‌కి బిగించిన పలుచని ప్లేటు) మధ్య ఖాళీ స్కేలుతో కొలిచి ఫొటో తీయండి. మామూలుగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల లోపు అంటారు, మీ డబ్బాలో వచ్చిన కాగితం ఏం చెప్తే అదే పాటించండి. ఆ కాగితం, డబ్బా మీది సీరియల్ స్టిక్కర్, బిల్లు మూడూ ఒక కవర్లో పెట్టండి.

ఈ వారంలో చేయాల్సింది ఆ పేజీలు సేవ్ చేయడం, పాత ఫోన్ బ్యాకప్, మెకానిక్ అఫిడవిట్. నోటీసు దాని తర్వాత, పదిహేను రోజుల గడువుతో. జవాబు రాకపోతే ఆ మర్నాడే కమిషన్‌లో ఫైల్ చేయండి, ఇరవై నాలుగో నెల దాకా ఆగొద్దు.