మూడో పరీక్ష కంటే ముందు చేయాల్సిన పని

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఐదు వారాల క్రితం ఒక స్నేహితురాలితో శారీరకంగా కలిశాను. కండోమ్ వాడాం, అది చిరగలేదు. మూడో రోజు మర్మాంగం ఎర్రబడి మంట మొదలైంది. అప్పటి నుంచి రోజుకు నాలుగైదుసార్లు యాంటీసెప్టిక్ లోషన్ కలిపిన నీళ్లతో కడుగుతున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్‌తో రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. హెచ్‌ఐవీ పరీక్ష రెండుసార్లు నెగటివ్. అయినా నిద్ర పట్టడం లేదు. నాలుగు నెలల్లో నా పెళ్లి. ఆ అమ్మాయికి అన్యాయం చేస్తున్నానా?

జవాబు: ముందు ఆ లోషన్ సీసా పక్కన పెట్టేయండి. ఇవాళే. అక్కడి చర్మం చాలా పలచన. ఐదు వారాలు మందు నీళ్లతో కడిగితే ఏ జబ్బూ లేనివాళ్లకైనా మండుతుంది. మొదటి మంట రాపిడి వల్లో, కండోమ్ రబ్బరు పడకో వచ్చి ఉండొచ్చు. కొందరికి అలా అవుతుంది. దానంతటదే తగ్గాల్సినదాన్ని ఈ కడగడమే తగ్గనివ్వడం లేదేమో. మామూలు నీళ్లతో రోజుకోసారి చాలు.

ఆయింట్‌మెంట్ కూడా ఆపండి. అడగ్గానే షాపులో ఇచ్చే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాస్తే ఎరుపు తగ్గుతుంది, మానితే తిరగబెడుతుంది. ఫంగస్ ఉంటే ఇంకా పెరుగుతుంది. మీరు రాసింది చదివితే నాకు ఆ అనుమానమే వచ్చింది. కానీ చూడకుండా తేల్చి చెప్పకూడదు. కండోమ్ కప్పని చోట చర్మం తగిలినా హెర్పిస్, సిఫిలిస్ లాంటివి రావచ్చు. నీటి పొక్కులు, నొప్పి లేని పుండు, చీము, గజ్జల్లో బిళ్లలు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. అవేవీ లేకపోయినా ఈ వారంలో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఇందుకోసమే ఉన్నాయి. వాళ్లు రోజూ చూసేవి ఇవే, సిగ్గుపడకండి.

చిరగని కండోమ్‌తో హెచ్‌ఐవీ ప్రమాదం చాలా తక్కువ. ఒకవేళ సోకినా మూడో రోజుకే ఆ ఒక్కచోట మంట పుట్టదు. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం హెచ్‌ఐవీ పరీక్షను (వైరస్ భాగాన్నీ, యాంటీబాడీలనూ రెండింటినీ వెతికేది) నమ్మాలంటే కలిసిన రోజు నుంచి 45 రోజులు దాటాలి. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) ఉచితంగా చేసే పరీక్షకూ, సిఫిలిస్ పరీక్షకూ 90 రోజులు దాటాక వెళితే అనుమానం మిగలదు. అంటే పెళ్లికి చాలా ముందే తేలిపోతుంది. ఈలోపు మనసు ఆగకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, పేరు చెప్పక్కర్లేదు.

మీ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. జబ్బు భయమొక్కటే అయితే రెండు నెగటివ్ రిపోర్టులతో కొంతైనా తగ్గేది. తప్పు చేశానన్న బాధే మిమ్మల్ని తినేస్తోందని నాకనిపిస్తోంది. జాగ్రత్త తీసుకున్నారు, పెళ్లికి ముందే పరీక్షలు చేయించుకుంటున్నారు. ఆ అమ్మాయి ఆరోగ్యం గురించి ఆలోచిస్తున్నారు కాబట్టే ఇదంతా. జరిగింది ఆమెకు చెప్పాలా వద్దా అన్నది ఇంత భయంలో తేల్చుకోకండి.

పదే పదే చూసుకోవడం, రాత్రిళ్లు ఫోన్‌లో జబ్బుల ఫొటోలు వెతకడం లాంటివి ఉంటే మానండి. దానివల్ల గంట ఊరట, తర్వాత ఇంకా ఎక్కువ టెన్షన్. 90 రోజుల రిపోర్టు బాగున్నాక కూడా ఈ భయం వదలకపోతే సైకియాట్రిస్టును కలవండి, దీనికి మంచి వైద్యం ఉంది. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఆయింట్‌మెంట్ ట్యూబు వెంట తీసుకెళ్లండి, ఎన్ని రోజులు రాశారో దాచకుండా చెప్పండి.