మా ఊళ్లో మేక పోతే పులే

"ఊళ్లోవాళ్లు చిరుతను చూశామంటే నమ్మొచ్చా, కెమెరాలో పడితేనే లెక్కా?" అని అడిగారు. మాది చంద్రగిరి దాటాక భాకరాపేట పక్క. కాలేజీ రోజుల్లో ఒక వన్యప్రాణి సర్వే కోసం రెండు నెలలు శేషాచలం అంచున ఊరూరా తిరిగా. నా మాట: నమ్మొచ్చు, కానీ అన్నీ ఒకే తూకంతో కాదు.

మొదట బోల్తా పడింది మా మామ దగ్గరే. ఆయనకు జీవాలున్నాయి. "పులి మేకపిల్లను చంపేసిందిరా అబ్బోడా" అన్నాడు. మా పక్క చిరుతనూ పులే అంటారు గదా, నేను ఫారంలో చిరుత అని రాసేశా. తర్వాత వంకకు పోయి చూస్తే తడి ఇసుకలో అడుగుల ముందర గోళ్ల గుర్తులు. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. పైగా మేకపిల్లకు గొంతు మీద కాటు లేదు, వెనక తొడలు పీకేసున్నాయి. ఊరకుక్కలో రేచుకుక్కలో (అడవికుక్కలు) అయ్యుండాల. మామ అబద్ధమాడలేదు. మేక పోయింది నిజం, చోటు నిజం, పొద్దు నిజం. పేరొక్కటే ఊహ.

అదే మామ ఇంకోసారి, "రాత్రి గుట్ట మీద ఎవురో ఆగి ఆగి రంపంతో మాను కోస్తా ఉండారు" అన్నాడు. ఎర్రచందనం దొంగలనుకుని దిగొచ్చేశాడంట. చిరుత అరుపు అచ్చం అట్లే ఉంటుంది! ఆ బాటలో కెమెరా కడితే చిరుతే పడింది.

అందుకే "పులి వచ్చిందా?" అని అడగొద్దు. ఏం చూశావు, చారలా మచ్చలా, ఎంత దూరంలో అని అడగండి. సర్వేలో జంతువుల ఫొటోలు చూపించి ఏవి చూశారని అడిగేవాళ్లం. వాటి మధ్యలో, మా పక్క ఉండని హిమాలయాల మంచుచిరుతను ఒకటి కలిపేవాళ్లం. ఒక పెద్దమనిషి దాన్ని పోయిన వారమే చెరువు కట్ట మీద చూశాడంట. ఆయన ఫారం పక్కన పెట్టేశాం. భయం పట్టుకున్నప్పటి కబుర్లూ విడిగా పెట్టుకోవాల. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపాక, మా ఊళ్లో పొదలో కదిలిందల్లా పులే అయింది.

ఇంకోటి, "లేదు" అన్నదాన్ని అస్సలు నమ్మొద్దు. ఒక అవ్వ మా పక్క ఏ జంతువూ రాదనింది. అడవిపిల్లి ఫొటో చూపిస్తే, "ఇదా, కోళ్ల గంప కాడికి దినామూ వస్తాది" అనింది.

"మరి ఏదీ రాదంటివే అవ్వా?"

"పిల్లిని గూడా లెక్కేస్తారా నాయనా?"